టీరో తెలుగు

టీరో తెలుగు తెలుగు లిపి కొరకు రూపొందించబడిన ఒక యూనికోడ్ ఖతి (ఫాంటు). అక్షరపు గీతలో మందము, సన్నము స్పష్టంగా కనిపించే కలంపోకడ దీని ప్రధాన లక్షణము. ప్రాచీన కావ్యాలు, సాహిత్య గ్రంథాలు, నింపాదిగా చదువుకొనే పుస్తకాల కూర్పు దీని ఉద్దేశము. కెనడాకు చెందిన టీరో టైప్‌వర్క్స్ సంస్థ తరఫున జాన్ హడ్సన్, ఫియోనా రాస్ దీనిని రూపొందించారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రచురించే మూర్తి క్లాసికల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా గ్రంథమాల కోసం తయారైన 'మూర్తి తెలుగు' ఖతి దీనికి మూలము. 2020 దశకం మొదట్లో ఇది గూగుల్ ఫాంట్స్ ద్వారా అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది.

నేపథ్యము

తెలుగు అక్షరాలు అచ్చులో కనిపించడం 18వ శతాబ్దంలో మొదలయింది. బెంజమిన్ షుల్జ్ అనే క్రైస్తవ మతప్రచారకుడు 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు మతగ్రంథాలను ముద్రింపజేశాడు. 19వ శతాబ్దంలో సీరాంపూర్, చెన్నపట్నం తెలుగు ముద్రణకు కేంద్రాలయ్యాయి. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో సీరాంపూర్‌లోను, ఎ.డి.కాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో మద్రాసులోను వెలువడ్డాయి. 1854లో మొదలయిన వావిళ్ళవారి ముద్రణాలయము తెలుగు, సంస్కృత గ్రంథాలను వేలాది పాఠకులకు చేర్చింది. ఆ కాలపు సీసపు అచ్చులలో ఒక్కొక్క అక్షరము, ఒక్కొక్క గుణింతము, ఒక్కొక్క వత్తు విడి దిమ్మెగా ఉండేది. కంపోజిటరు వాటిని చేతితో ఏరి కూర్చేవాడు.

20వ శతాబ్దపు చివరి దశకాలలో సీసపు అచ్చుల స్థానాన్ని కంప్యూటరు కూర్పు (డీటీపీ) ఆక్రమించింది. అప్పటి తెలుగు ఖతులు చాలావరకు ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షర ఖండాలను ఉంచి పనిచేసేవి. కాగితం మీద తెలుగు కనిపించినా, కంప్యూటరు దృష్టిలో అది అర్థం లేని ఆంగ్ల అక్షరాల వరుస మాత్రమే. అటువంటి పాఠంలో ఒక పదాన్ని వెదకడం గాని, అకారాది క్రమంలో అమర్చడం గాని, వేరొక ఖతిలోకి మార్చడం గాని నేరుగా సాధ్యము కాదు. ఈ పద్ధతిలో కూర్చబడిన పుస్తకాల మూల ఫైళ్ళు నేటికీ మార్పిడి పరికరాలు లేనిదే పనికిరావు.

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం దక్కింది. తెలుగు కొరకు 128 స్థానాల విభాగము కేటాయించబడినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఖతిని మైక్రోసాఫ్ట్ చేర్చింది. అమెరికా ఖండంలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన2000, వేమన2000 అనే రెండు ఖతులను తయారుచేసి స్వేచ్ఛగా పంచిపెట్టాడు. అంతర్జాలంలో తెలుగు వ్యాపించిన తొలి సంవత్సరాలలో ఈ రెండు ఖతులు ఎందరికో ఆధారమయ్యాయి. 2010 దశకంలో సిలికానాంధ్ర సంస్థ ద్వారా పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, రామభద్ర, శ్రీకృష్ణదేవరాయ, సురవరం మొదలయిన అనేక ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో విడుదలయ్యాయి. వీటిలో అధికభాగం పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించినవి.

వీటిలో పెక్కు ఖతులు పత్రికలకు, శీర్షికలకు, తెర మీది పాఠానికి ఉద్దేశించినవి. వందల పుటల పద్యకావ్యాన్ని కూర్చడానికి తగిన ఖతుల కొరత మిగిలే ఉండినది.

మూర్తి గ్రంథమాల

2010లో రోహన్ మూర్తి ఇచ్చిన 52 లక్షల డాలర్ల విరాళంతో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మూర్తి క్లాసికల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడినది. భారతీయ భాషలలోని ప్రాచీన గ్రంథాలను మూలపాఠంతో సహా ఆంగ్లంలోకి అనువదించి ప్రచురించడం దీని లక్ష్యము. దీనికి ముందు వచ్చిన క్లే సంస్కృత గ్రంథమాలలో మూలపాఠము రోమన్ లిపిలో ఉండేది. మూర్తి గ్రంథమాలలో మాత్రం ఎడమ పుటలో మూలము దాని స్వంత లిపిలోను, కుడి పుటలో ఆంగ్లానువాదము ఉంటాయి. అందువలన ఒక్కొక్క లిపికి పుస్తకపు కూర్పుకు తగిన కొత్త ఖతి అవసరమయింది. గ్రంథమాల రూపకల్పనను రత్నా రామనాథన్ నిర్వహించగా, ఆంగ్ల పాఠానికి హెన్రిక్ కూబెల్ రూపొందించిన ఆంట్‌వెర్ప్ ఖతిని ఎంచుకొన్నారు.

2015 జనవరిలో విడుదలయిన తొలి ఐదు సంపుటాలలో ఒకటి తెలుగు కావ్యము. అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రను వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ అనువదించారు. 2022లో నంది తిమ్మన పారిజాతాపహరణమునకు హర్షిత మృత్యింటి కామత్, వెల్చేరు నారాయణరావు చేసిన అనువాదము వెలువడినది. 16వ శతాబ్దపు ఈ ప్రబంధాలు తెలుగు లిపితో సహా ప్రపంచంలోని గ్రంథాలయాలకు చేరడానికి ఈ గ్రంథమాల తోడ్పడింది.

రూపకర్తలు

టీరో టైప్‌వర్క్స్ సంస్థను 1994లో జాన్ హడ్సన్, రాస్ మిల్స్ స్థాపించారు. బహుభాషా ఖతుల తయారీ ఈ సంస్థ ప్రత్యేకత. ఫియోనా రాస్ 1980 దశకంలో బ్రిటన్‌లోని లైనోటైప్ సంస్థలో రోమనేతర లిపుల విభాగానికి నాయకత్వం వహించింది. తరువాత ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయంలో అక్షర రూపకల్పనను బోధించింది. దక్షిణాసియా లిపుల ముద్రణ చరిత్రపై ఆమె చేసిన కృషి ప్రసిద్ధమైనది.

తెలుగు లిపి, సెరిఫ్ భావన

రోమన్ లిపిలో అక్షరపు కొనలకు ఉండే చిన్న అడ్డగీతలను సెరిఫ్ అంటారు. తెలుగు లిపిలో అటువంటి అడ్డగీతలు లేవు. అందువలన తెలుగు ఖతిని సెరిఫ్ అని పిలిచినప్పుడు, గీతలో మందసన్నాల తేడా ఉన్నదని, కలంతో వ్రాసిన తీరు కనిపిస్తున్నదని అర్థము చేసుకోవాలి. గీత మందము అంతటా సమంగా ఉండే ఖతులను సాన్స్ వర్గంలో చేర్చడం పరిపాటి.

ఈ రెండు రీతులకూ తెలుగులో మూలాలు ఉన్నాయి. తాటాకు మీద గంటంతో గీసినప్పుడు గీత మందములో చెప్పుకోదగిన తేడా రాదు. గంటపు మొన ఆకును గీరుతుంది, ఆ గీతలోనికి మసి పూసి అక్షరాన్ని కనిపించేలా చేస్తారు. తెలుగు అక్షరాల గుండ్రదనానికి కూడా తాటాకే కారణమని చెబుతారు. ఆకు ఈనెల వెంట నిటారైన గీత గీస్తే ఆకు చీలే అవకాశమున్నది. కాగితము, కలము వచ్చిన తరువాత పరిస్థితి మారింది. పాళీ కోణమును బట్టి, చేతి ఒత్తిడిని బట్టి గీత ఒకచోట మందంగా, మరొకచోట సన్నంగా వస్తుంది. సమమైన గీత గంటము నుండి, మందసన్నాల గీత కలము నుండి వచ్చాయని స్థూలంగా చెప్పవచ్చును. టీరో తెలుగు ఈ రెండవ సంప్రదాయానికి చెందినది.

రూపలక్షణాలు

టీరో తెలుగులోని వంపులు ఒకే మందముతో సాగవు. వంపు తిరిగే చోట గీత బరువెక్కి, చివరకు వచ్చేసరికి పలుచబడుతుంది. దీనివలన పుట మొత్తం మీద ఒక నిలకడైన బూడిద ఛాయ ఏర్పడి, దీర్ఘపాఠము చదివేటప్పుడు కన్ను వరుస తప్పకుండా సాగుతుంది.

తెలుగు ఖతిని పరిశీలించేటప్పుడు ముఖ్యంగా చూడవలసిన భాగాలు ఇవి:

* తలకట్టు: అధికభాగం హల్లులకు పైన ఉండే టిక్కు గుర్తు వంటి గీత. ఖ, జ, ట, ణ, బ, ల వంటి అక్షరాలకు తలకట్టు లేదు. ఒకే పంక్తిలో తలకట్టు ఉన్నవీ లేనివీ కలిసి వస్తాయి కనుక పై అంచు సమంగా కనిపించేలా చూడడం రూపకర్తకు పరీక్ష.
* గుడి, ఏత్వము, ఓత్వము: ఇవి వచ్చినప్పుడు తలకట్టు పోయి, ఆ స్థానంలో అచ్చు గుర్తు అతుక్కొంటుంది. అతుకు కనిపించకుండా గీత కొనసాగవలెను.
* కొమ్ము: కు, గు వంటి అక్షరాలలో కుడివైపున చేరుతుంది. పు, వు వంటి వాటిలో దీని అతుకు వేరుగా ఉంటుంది. వు, మ అనే అక్షరాల మధ్య పోలిక ఎక్కువ కనుక ఇక్కడ స్పష్టత అవసరము.
* వత్తులు: త, న, మ, య, ర, ల వత్తులు తమ మూలాక్షరాలకు భిన్నమైన ఆకారంలో ఉంటాయి. మిగిలినవాటిలో అధికభాగం మూలాక్షరాన్ని చిన్నది చేసినట్లు ఉంటాయి. కేవలం కుదించితే గీత పలుచనై వెలిసినట్లు కనిపిస్తుంది. అందువలన వత్తును విడిగా గీసి దాని మందమును సరిచేయాలి.
* చుక్కలు, చీలికలు: ద, ధ, థ అక్షరాల మధ్య తేడా ఒక చిన్న చీలికతోను, చుక్కతోను తెలుస్తుంది. డ, ఢ విషయము కూడా ఇటువంటిదే.

చివర చెప్పిన అంశము మందసన్నాల ఖతులన్నిటికీ కీలకమైనది. అర్థభేదము కలిగించే గుర్తు సన్నని గీత మీద పడితే, చిన్న పరిమాణంలో అది మాయమవుతుంది. అప్పుడు 'ధనము' 'దనము'గా కనిపిస్తుంది. అందముకొరకు గీతను ఎంతవరకు పలుచన చేయవచ్చునో ఇటువంటి అక్షరాలే నిర్ణయిస్తాయి.

సాంకేతిక నిర్మాణము

యూనికోడ్ పద్ధతిలో కంప్యూటరు అక్షరాల ఉచ్చారణక్రమాన్ని మాత్రమే దాచుకొంటుంది. వాటి ఆకారాన్ని ఖతి తీర్చిదిద్దుతుంది. ఉదాహరణకు 'స్త్రీ' అనే పదంలో ఆరు సంకేతాలు ఉన్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. చివర టైపు చేసిన గుడి తెర మీద మొదటి అక్షరమైన సకారం మీదకు వెళుతుంది. త, ర వత్తులుగా మారి క్రిందికి చేరతాయి. ఈ మార్పులకు కావలసిన నియమాలు ఓపెన్‌టైప్ పట్టికల రూపంలో ఖతిలోనే ఉంటాయి. ఆ నియమాలను అమలుచేసే యంత్రాంగము నిర్వహణ వ్యవస్థలోగాని, బ్రౌజరులోగాని, పుస్తక కూర్పు సాఫ్ట్‌వేరులోగాని ఉంటుంది. ఈ రెండింటిలో ఏది సరిగా లేకపోయినా అక్షరాలు విడిపోయి, పొల్లు గుర్తులు బయటపడతాయి.

సీసపు అచ్చుల కాలంలో కంపోజిటరు కంటితో చూసి సరిచేసిన ఖాళీలను ఇప్పుడు ఖతి ముందుగానే లెక్కగట్టవలసి ఉంటుంది. పక్కపక్క అక్షరాల వత్తులు క్రింద ఒకదానికొకటి తగలవచ్చును. వాటిని ఎడం చేస్తే పైన అక్షరాల మధ్య ఖాళీ పెరుగుతుంది. ఈ రెండింటికీ సమన్వయము కుదర్చడం తెలుగు ఖతి తయారీలో ఎక్కువ సమయము తీసుకొనే పనులలో ఒకటి.

ప్రాచీన గ్రంథాల అవసరాలు

నేటి పత్రికాభాషకు అవసరము లేని కొన్ని గుర్తులు కావ్యముద్రణకు తప్పనిసరి. వీటిలో ముఖ్యమైనవి:

* అరసున్న (ఁ): ప్రాచీన పాఠాలలో తరచుగా వస్తుంది.
* శకటరేఫము (ఱ): సాధారణ రేఫముతో దీని తేడా ఛందస్సులోను, అర్థములోను పాటించబడుతుంది.
* దంత్య చ, జలు (ౘ, ౙ): 2008లో యూనికోడ్ 5.1 కూర్పులో చేరాయి. అవగ్రహ చిహ్నము (ఽ) కూడా అదే కూర్పులో చేరింది.
* వలపలగిలక: పాత పుస్తకాలలో 'ధర్మము' వంటి పదాలలోని రకారపు పొల్లును తరువాతి అక్షరానికి కుడివైపున ఒక గుర్తుగా వ్రాసేవారు.
* నకారపు పొల్లు: నకారపు పొల్లుకు ఉన్న పాత రూపము. ఇది 2021లో యూనికోడ్ 14 కూర్పులో చేరింది.

ఈ గుర్తులు లేని ఖతిలో కావ్యమును కూర్చితే సంపాదకుడు పాఠాన్ని మార్చవలసి వస్తుంది, లేదా ఒక పంక్తిలో రెండు ఖతులను కలపవలసి వస్తుంది. ఈ గుర్తులలో కొన్ని యూనికోడ్‌లో ఆలస్యంగా చేరినందున, ఏ ఖతిని ఎన్నుకొన్నా పని మొదలుపెట్టే ముందు ఇవన్నీ ఉన్నవో లేవో పరీక్షించడం మంచిది.

వినియోగము

టీరో తెలుగు ఈ క్రింది పనులకు అనుకూలంగా ఉంటుంది:

* గ్రంథముద్రణ: పద్యకావ్యాలు, వ్యాఖ్యానాలు, నవలలు, వ్యాససంపుటాలు.
* ద్విభాషా పుస్తకాలు: ఇందులోని రోమన్ అక్షరాలు కూడా సెరిఫ్ రీతివి కనుక తెలుగు, ఆంగ్లము ఒకే పుటలో పొసగుతాయి.
* జాలపుటలు: దీర్ఘమైన సాహిత్య వ్యాసాలకు, అంతర్జాల పత్రికలకు ఉపయోగించవచ్చును.
* శుభలేఖలు, ఆహ్వానపత్రాలు, ప్రశంసాపత్రాలు: మందసన్నాల గీత వీటికి గాంభీర్యాన్ని ఇస్తుంది. తెలుగునాట పెండ్లి పత్రికలకు, పుస్తకపు అట్టలకు బాపు (1933 - 2014) చేతివ్రాతను పోలిన అక్షరాలంటే మక్కువ ఎక్కువ. బాపు అక్షరాలలో వేగము, చమత్కారము ప్రధానము కాగా, టీరో తెలుగు వంటి పుస్తక ఖతిలో నిలకడ ప్రధానము.

కూర్పులో కొన్ని జాగ్రత్తలు అవసరము. తెలుగు అక్షరానికి పైన గుడులు, క్రింద ఒకటికి మించి వత్తులు రావచ్చును. 'రాష్ట్రము' అనే పదములో ష క్రింద టవత్తు, రవత్తు రెండూ ఉన్నాయి. అందువలన ఆంగ్ల పాఠానికి సరిపోయే పంక్తి ఎడము తెలుగుకు చాలదు. అక్షర పరిమాణానికి సుమారు ఒకటిన్నర రెట్లు ఎడము ఇస్తే వత్తులు క్రింది పంక్తిలోని గుడులకు తగలవు. రెండు లిపులు పక్కపక్కన ఉన్నప్పుడు రెండింటినీ ఒకే పాయింటు పరిమాణంలో ఉంచినా కంటికి సమంగా కనిపించకపోవచ్చును. అంకెను బట్టి కాక అచ్చు తీసిన పుటను చూసి పరిమాణమును నిర్ణయించుకోవాలి. తెలుగు అక్షరాల మధ్య కృత్రిమంగా ఎడము పెంచడం కూడా తగదు. అలా చేస్తే అక్షరము నుండి గుణింతపు గుర్తులు విడిపోయినట్లు కనిపిస్తాయి.

ఇతర ఖతులతో పోలిక

* గౌతమి: విండోస్ ఎక్స్‌పీతో వచ్చినది. సన్నని, దాదాపు సమమైన గీత. తెర మీది పాఠానికి ఉద్దేశించినది.
* పోతన2000, వేమన2000: స్వేచ్ఛా ఖతులు. పోతన సంప్రదాయ పుస్తకాక్షరాల తీరుకు దగ్గరగా ఉండగా, వేమన సమమైన గీతతో ఉంటుంది.
* సురవరం: తెలంగాణకు చెందిన సాహిత్యవేత్త, చరిత్రకారుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టబడిన ఖతి. శీర్షికలకు, గోడపత్రాలకు, ఆహ్వానాలకు అనుకూలము.
* నిర్మలా యూఐ: 2012లో విండోస్ 8తో వచ్చినది. అనేక భారతీయ లిపులకు ఒకే శైలిలో తయారయింది. మెనూలు, బొత్తాల వంటి చోట్ల వాడడానికి ఉద్దేశించినది.
* నోటో సెరిఫ్ తెలుగు: గూగుల్ నోటో కుటుంబానికి చెందినది. సన్నము మొదలు అతిమందము వరకు పలు బరువులలో లభిస్తుంది.

పరిమితులు

టీరో తెలుగు నిలువు, వాలు అనే రెండు రూపాలలో మాత్రమే లభిస్తున్నది. ముద్దక్షరాల (బోల్డ్) రూపము లేదు. బ్రౌజరుగాని, కూర్పు సాఫ్ట్‌వేరుగాని కృత్రిమంగా ముద్దచేసినప్పుడు సన్నని గీతలు, లోపలి ఖాళీలు పూడిపోయి అక్షరము అలుక్కుపోతుంది. శీర్షికలకు ముద్దక్షరాలు కావలసినచోట పరిమాణము పెంచడమో, పలు బరువులున్న మరొక ఖతిని వాడడమో చేయవచ్చును. వాలు అక్షరాలు రోమన్ ముద్రణ నుండి వచ్చిన సంప్రదాయము. తెలుగులో పుస్తకపు పేర్లను, ఉద్ఘాటనను తెలపడానికి ఉద్ధరణ చిహ్నాలను వాడడం ఎక్కువ.

తక్కువ స్పష్టత గల తెరల మీద, చిన్న పరిమాణంలో, దూరము నుండి చదవవలసిన బోర్డుల మీద సమమైన గీత గల ఖతులే మేలు. బస్సు పలకలు, ఔషధాల లేబుళ్ళు, దరఖాస్తు పత్రాలు వంటి చోట్ల కలంపోకడ అక్షరాలను వాడకపోవడం మంచిది.

లైసెన్సు

ఈ ఖతి సిల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు 1.1 క్రింద విడుదలయినది. దీని ప్రకారము ఎవరైనా ఖతిని ఉచితంగా వాడుకోవచ్చును, వ్యాపార ప్రచురణలలో ముద్రించవచ్చును, జాలపుటలలో పొదగవచ్చును, మార్పులు చేసి అదే లైసెన్సుతో పంచవచ్చును. ఖతిని మాత్రమే విడిగా అమ్మరాదు. దీని వలన చిన్న ప్రచురణకర్తలు, స్వంతంగా పుస్తకాలు వేసుకొనే రచయితలు, విద్యార్థులు రుసుము లేకుండా పుస్తకస్థాయి అక్షరాలను వాడుకొనే వీలు కలిగినది.

ప్రాముఖ్యత

ఖతి ఎంపికను అలంకారపు విషయముగా మాత్రమే భావించడం సాధారణము. తెలుగు విషయంలో పాఠపు భవిష్యత్తు కూడా దానిపై ఆధారపడి ఉన్నది. యూనికోడేతర ఖతులలో కూర్చిన పుస్తకము కాగితము మీద ఎంత అందంగా ఉన్నా, దాని ఫైలులో వెదకదగిన తెలుగు ఉండదు. యూనికోడ్‌లో అందమైన పుస్తక ఖతులు లేవన్న కారణంతో ఎందరో ప్రచురణకర్తలు పాత పద్ధతిలోనే కొనసాగారు. పుస్తకముద్రణకు తగిన అందము, యూనికోడ్ పాఠము ఒకేచోట లభించినప్పుడు ఆ కారణము బలహీనపడుతుంది. అటువంటి ఖతిలో కూర్చిన కావ్యము అచ్చుపుస్తకంగా ఉపయోగపడుతుంది. అదే ఫైలు నిఘంటు నిర్మాణానికి, పదసూచికలకు, పాఠాంతరాల పోలికకు, దృష్టిలోపము గలవారి కొరకు పాఠాన్ని చదివి వినిపించే సాధనాలకు కూడా పనికివస్తుంది.